నీళ్లలో వేలు

పోయినవారం దాకా చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తాను.

మన అమ్మాయి నర్సింగు రెండో సంవత్సరం. ఇంట్లోనూ కాలేజీలోనూ అందరూ పిలిచేది 'నిదానం' అని. పొగడ్త అనుకునేరు, కాదు. తోటిపిల్లలు నాలుగు పక్కలు వేసేసరికి ఈ పిల్ల ఒక దుప్పటి మూల ముడతలు సరిచేస్తూ ఉంటుంది. పరీక్షలయ్యాక ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి, "మార్కులు బాగున్నాయి. చేతులే సాగడం లేదు. ఈ వేసవి సెలవుల్లో ఎక్కడైనా రోగుల దగ్గర ఆరువారాలు పనిచేసి, పని వచ్చిందని ఉత్తరం పట్టుకురా. లేదంటే మళ్లీ రెండో సంవత్సరమే" అని తేల్చి చెప్పింది.

పదకొండు చోట్ల తిరిగింది. ఒకచోట చదువయ్యాక రమ్మన్నారు. ఒకచోట, "చదువుకునే పిల్లవి, మధ్యలో ఎగిరిపోతావు" అన్నారు. ఇంకోచోట వాచ్‌మన్‌ని దాటడమే కుదరలేదు. పన్నెండోచోట తలుపు కొంచెం తెరుచుకుంది. ఊరి చివర ఉన్న ఆస్పత్రి అది. పక్షవాతం వచ్చినవాళ్లనీ తలకి దెబ్బ తగిలినవాళ్లనీ నెలల తరబడి ఉంచుకుని కోలుకునేలా చూస్తారు. అక్కడి హెడ్ నర్సుని అందరూ 'పెద్దక్క' అంటారు. ఆవిడ మన నిదానాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఒక్క వారం చూస్తాను. నచ్చితే ఆరువారాలు ఉంచుకుంటాను. నచ్చకపోతే నన్నేమీ అడక్కూడదు" అంది.

ఆ వారానికి ఇవాళే ఆఖరిరోజు.

*

పొద్దున బస్సెక్కేముందు నాన్న టిఫిన్ డబ్బా చేతికిస్తూ, "భయపడకమ్మా. నెమ్మదిగా వెళ్లే లిఫ్టుకి నేనెప్పుడూ రిపేరుకి వెళ్లలేదు" అన్నాడు. ఆయన లిఫ్టుల మెకానిక్కు. లోకంలో ఏ కష్టానికైనా ఆయన దగ్గర లిఫ్టు సామెత ఒకటి ఉంటుంది.

"జనం నడిచి మెట్లెక్కేస్తారు నాన్నా, అలాంటి లిఫ్టయితే."

"ఎక్కలేనివాళ్లు ఉంటారు కదమ్మా" అన్నాడు నాన్న. అంతలో బస్సొచ్చింది.

ఆడవాళ్ల వార్డు మేడమీద. ఎనిమిది మంచాలు, పొడుగాటి కిటికీలు, వాటికి లేతాకుపచ్చ తెరలు. ఆ తెరల్లోంచి వడగట్టుకుని వచ్చే వెలుతురు వల్ల గది ఎప్పుడూ చెరువు అడుగున ఉన్నట్టుండేది. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపల ఎవరో కలగంటున్నట్టే ఉండేది. పైన ఫ్యాన్లు తిరిగేవి, తెరలు ఉబ్బేవి, మళ్లీ గోడకి అతుక్కునేవి. మాటలు కూడా ఆ గదిలోకి వచ్చేసరికి బరువు దిగి తేలిపోతూ వచ్చేవి. మొదటిరోజే నిదానానికి ఆ గది నచ్చింది. తన వేగానికి తగిన గది ఇన్నాళ్లకి దొరికిందనిపించింది.

ఆ నెమ్మది గదికి సరిపోయినా పెద్దక్కకి మాత్రం సరిపడలేదు.

"ఎన్నయ్యాయి?" అంది గుమ్మంలోంచే.

"రెండయ్యాయి పెద్దక్కా."

"అవతల పిల్లలు ఐదేసి చేసి టీ తాగుతున్నారు. నువ్వు ఒళ్లు తుడవడం పూర్తయ్యేలోపు రోగం దానంతటదే తగ్గిపోయేలా ఉంది." అక్కడున్న ఆయాలు పక్కకి తిరిగి నవ్వుకున్నారు. పెద్దక్క నవ్వలేదు. "సాయంత్రం నీ సంగతి చెప్తాను. ముందు ఏడో బెడ్డుని తయారుచెయ్యి. పదకొండింటికి వాళ్ల తోడికోడలు వస్తుంది. సంతకం పెట్టగానే వెనక బిల్డింగుకి మార్చేస్తాం. జుట్టు దువ్వి, గోళ్లు తీసి, ఉతికిన గౌను వెయ్యి. చూసేవాళ్ల కళ్లకి కాస్త బాగుండాలి."

వెనక బిల్డింగు అంటే ఏమిటో నిదానానికి తెలుసు. చెడ్డచోటేం కాదు. నేల అద్దంలా ఉంటుంది, అన్నీ వేళకి జరుగుతాయి. కాకపోతే కాళ్లూ చేతులూ ఆడించే ఫిజియో అక్కడికి వెళ్లడు. మాటలు నేర్పే టీచరమ్మ వెళ్లదు. ఇక బాగుపడరని తేల్చినవాళ్లు అక్కడుంటారు. వాళ్లని ఎవరూ ఏమీ అడగరు. జవాబు రాదని ముందే అనుకున్న ఇంట్లో తలుపెవరు కొడతారు?

ఏడో బెడ్డులో ఉన్నావిడకి అరవై దాటి ఉంటాయి. నాలుగు నెలల కిందట మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పట్నుంచి అలాగే ఉంది. కళ్లు తెరుస్తుంది, మూస్తుంది. చూపు దేనిమీదా నిలవదన్నారు. ముక్కులోంచి గొట్టం, దాంట్లోంచి జావ. మంచానికి ఎదురుగా గోడమీద, వచ్చే పోయే పనివాళ్ల కోసం ఒక కార్డు అంటించి ఉంది, పెద్ద అక్షరాలతో:

'ముక్కుగొట్టం ఉంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మాటలు అర్ధం కావు.'

*

మిగతా పిల్లలు గోళ్లు పొడిగానే తీసేస్తారు. టక్ టక్ మని రెండు నిమిషాల పని. కానీ ఈవిడ చేతులు ముడుచుకుపోయి ఉన్నాయి. నాలుగు నెలల్లో గోళ్లు దళసరెక్కి, గట్టిపడ్డాయి. గోరువెచ్చటి నీళ్లలో నాననిచ్చి తియ్యాలని పుస్తకంలో ఉంది. నిదానం పుస్తకంలో ఉన్నదాన్ని చేసే రకం.

మంచంమీద రబ్బరుషీటు పరిచి, దానిమీద స్టీలు తొట్టి పెట్టింది. మోచెయ్యి ముంచి వేడి చూసింది. తరవాత ఆవిడ ఎడమచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని మెల్లిగా నీళ్లలోకి దించింది.

"ఇదిగో పెద్దమ్మా, నీళ్లు. వేడెక్కువ లేదు, నేను చూశాను" అంది. ఏడోబెడ్డుతో ఎవరూ మాట్లాడరు. నిదానం అందరితోనూ మాట్లాడుతుంది. మాట్లాడకుండా ఒకళ్ల ఒళ్లు ముట్టుకోవడం దొంగతనంలా అనిపిస్తుంది ఆ పిల్లకి.

నీళ్లలో ఆ పిడికిలి కాసేపు అలాగే ఉంది. తరవాత, పొద్దున ఎండ తగిలిన పువ్వు విచ్చుకున్నంత నెమ్మదిగా, వదులైంది. వేళ్లు ఒకదాన్నొకటి విడిచాయి. నిదానం కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫ్యాన్ గాలికి నీళ్లమీద సన్నటి ముడతలు. కిటికీలోంచి వచ్చిన ఆకుపచ్చ వెలుగు తొట్టిలో పడి, పైకప్పుమీద ఊగుతోంది. దూరంగా ఎక్కడో ట్రాలీ చక్రం కీచుమంది. అదీ ఆగిపోయింది.

బొటనవేలి గోరు తీసింది. తుడిచింది.

"ఇప్పుడు చూపుడువేలు ఇటివ్వండి పెద్దమ్మా" అంది, అలవాటుగా. చిన్నపిల్లలతో, ముసలివాళ్లతో అంటాం కదా, అలా.

చూపుడువేలు పైకి వచ్చింది.

బియ్యపుగింజంత ఎత్తు. నీళ్లమీద ఒక చిన్న వలయం లేచి, తొట్టి అంచుదాకా వెళ్లి, సర్దుకుంది.

నిదానం కదల్లేదు. తన మోకాలు మంచానికి తగిలిందేమో అనుకుంది. కుర్చీ వెనక్కి జరుపుకుంది. నీళ్లు పూర్తిగా నిలిచేదాకా, అందులో తన మొహం కనపడేదాకా, చూస్తూ కూర్చుంది.

"పెద్దమ్మా. ఇంకోసారి."

వేలు లేచింది.

"ఇప్పుడు వద్దు. ఎత్తకండి."

వేలు అలాగే ఉంది. ఒక నిమిషం. నిమిషమున్నర. ఈ లోకంలో ఇంకెవరైనా అయితే ఈపాటికి చెయ్యి తుడిచి లేచిపోయేవాళ్లే.

"నా మాట వినపడుతోందా? వినపడుతుంటే ఎత్తండి."

లేచింది. ఈసారి బియ్యపుగింజ కంటే కొంచెం ఎక్కువే.

నిదానానికి గదిలో చప్పుళ్లన్నీ ఒక్కసారిగా దూరమైపోయాయి. ఎవరో లోతైన నీటి అడుగునుంచి చెయ్యి చాచి తన కొంగు పట్టుకున్నట్టు అనిపించింది. ఏం చెయ్యాలో తోచక, తోచకపోయినా నోరు ఊరుకోక, "ఎన్నాళ్లనుంచి వినపడుతోంది పెద్దమ్మా?" అంది. అడిగాక గాని తట్టలేదు, ఒక్క వేలితో దానికి జవాబు చెప్పలేరని. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే కళ్లు నిండాయి. "సరే సరే, అది తరవాత చెబుదురుగాని" అంది.

*

పెద్దక్క మందుల బీరువా ముందు నిలబడి చీటీలు చూసుకుంటోంది. అంతా విని, తల తిప్పకుండానే, "నీళ్లలో ఎండుటాకు వేసినా కదులుతుంది" అంది.

"ఆకు అడిగినప్పుడు కదలదు కదా పెద్దక్కా. వద్దంటే ఆగదు."

అప్పుడు తిరిగింది పెద్దక్క. ఆవిడ మొహంలో కోపం కంటే అలసట ఎక్కువుంది.

"ఇటు చూడమ్మాయ్. ఆ తోడికోడలు మొదటి నెల రోజూ వచ్చేది. మంచం పక్కనే కూర్చుని, అక్క కనురెప్ప కొట్టినా నన్ను పిలిచేది. 'చూశారా, చూశారా' అని. డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి లేదన్నారు. రెండో నెలకి రెండు రోజులకోసారి, ఇప్పుడు వారానికోసారి వస్తోంది. ఇన్నాళ్లకి మనసు రాయి చేసుకుని సంతకానికి ఒప్పుకుంది. ఇప్పుడు నువ్వెళ్లి 'వేలు కదిలిందండీ' అంటావు. ఆశ పుట్టించడం ఎంతసేపు? నోటితో ఊదితే పుడుతుంది. దాన్ని చంపుకోవడానికే నెలలు పడుతుంది. అది చూశావా నువ్వెప్పుడైనా?"

"లేదు."

"నేను చూశాను." బీరువా తాళం వేసింది. "వాళ్ల ముందు ఈ మాట ఎత్తావంటే సాయంత్రం దాకా అక్కర్లేదు, ఆ క్షణమే నీ దారి నువ్వు చూసుకో. ఉత్తరం సంగతి కూడా మర్చిపో."

నిదానం వార్డులోకి తిరిగొచ్చింది. తొట్టి పక్కన కూర్చుంది. మిగిలిన గోళ్లు తీసింది. ఇంకో పదమూడో చోటు వెతుక్కోవడానికి సెలవులు మిగల్లేదు. మళ్లీ రెండో సంవత్సరమంటే తనకంటే చిన్నపిల్లల మధ్య అదే బెంచీ, అవే పాఠాలు. అమ్మ ఏమీ అనదు. నాన్న లిఫ్టు సామెత ఇంకోటి చెప్తాడు. అదే ఎక్కువ బాధ.

"పెద్దమ్మా, మిమ్మల్ని ఇవాళ వెనక బిల్డింగుకి మారుస్తారట. తెలుసా?" అంది గొంతు తగ్గించి.

వేలు లేచింది.

"వెళ్తారా?"

నీళ్లు నిలిచాయి. వేలు కదల్లేదు. ఎంతసేపు చూసినా కదల్లేదు.

*

తోడికోడలు గొడుగు మడుచుకుంటూ పదకొండుకి ఐదు నిమిషాలుందనగా వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, నోరు ముందూ మనిషి వెనకా అన్నట్టుంది. అన్నదమ్ములిద్దర్నీ చేసుకుని ఒకే ఇంటికి వచ్చినవాళ్లు వీళ్లిద్దరూ. ఆ అన్నదమ్ములు పోయి పదేళ్లయింది. అయినా విడిపోలేదు. ముప్ఫై రెండేళ్లుగా ఒకే వంటిల్లు. ఇద్దరికీ క్షణం పడేది కాదట, క్షణం విడిచి ఉండలేకపోయేవాళ్లట.

"ఏమక్కా, ఇవాళ నీ జుట్టు ఎవరు దువ్వారు? తిన్నగా ఉందే పాపిడి" అంటూ మంచం పక్కకి వచ్చింది. గొడుగు కుర్చీకి తగిలించి, అది జారి పడితే మళ్లీ తగిలించి, మళ్లీ పడితే వదిలేసింది.

డాక్టరుగారు కాగితాలతో వచ్చారు. వెనకే పెద్దక్క. ఎక్కడ సంతకం పెట్టాలో డాక్టరుగారు వేలితో చూపించారు. తోడికోడలు కలం తీసింది. ఆవిడ చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. ఏం రాయాలో మర్చిపోయిన పిల్లలా పైకి చూసింది.

"అయ్యా," అంది నిదానం.

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. పెద్దక్క చూపు సూదిలా వచ్చి గుచ్చుకుంది. కానీ మాట బయటపడిపోయింది. సగం మింగడం ఎలాగో తెలియదు.

"వేలు కదుపుతున్నారండీ. అడిగితే కదుపుతున్నారు. వద్దంటే ఆపుతున్నారు. ఐదారుసార్లు చూశాను."

డాక్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. మంచం దగ్గరికి వచ్చి, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గట్టిగా, "అమ్మా! వేలు ఎత్తండి!" అన్నారు. ఏమీ లేదు. "చెయ్యి నొక్కండి!" లేదు. "ఇటు చూడండి!" ఆవిడ ఎప్పటిలాగే ఎదర గోడకేసి చూస్తోంది. ఇదంతా పావు నిమిషం కూడా పట్టలేదు.

"ఒక్కోసారి కండరాలు వాటంతటవే అదురుతాయమ్మా" అన్నారు డాక్టరుగారు, చిన్నబుచ్చకుండా.

"కిందకెళ్లి నీ బ్యాగు తీసుకో" అంది పెద్దక్క.

"గాల్లో కాదండీ. నీళ్లలో." నిదానం రెండుచేతులతో తొట్టి పట్టుకుని నిలబడి ఉంది. తొట్టిలో నీళ్లు వణుకుతున్నాయి. "నీళ్లలో అయితేనే లేస్తోంది. నేనడుగుతాను. రెండే నిమిషాలు. తరవాత వెళ్లిపోతాను."

"అమ్మాయ్!" అంది పెద్దక్క.

"అడగనివ్వండి." ఆ మాట తోడికోడలిది. కలం ఇంకా చేతిలోనే ఉంది. "నాలుగు నెలల్నుంచి చూస్తున్నాను. ఇక్కడికొచ్చినవాళ్లంతా గడియారం చూసుకుంటూ మా అక్కని చూసినవాళ్లే. ఈ పిల్లని అడగనివ్వండి. పోయేదేముంది, ఇంకా పోవడానికి?"

నిదానం కూర్చుంది. చేతిని దించింది. పిడికిలి వదులయ్యేదాకా ఆగింది. డాక్టరుగారు గడియారం చూసుకోబోయి, తోడికోడలి కళ్లు కనపడి, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నారు. నీళ్లు అద్దంలా అయ్యాయి. మంచం చుట్టూ నలుగురూ ఊపిరి బిగబట్టి ఆ అద్దంలోకి వంగారు.

"పెద్దమ్మా, వచ్చింది మీ తోడికోడలేనా?"

వేలు లేచింది.

తోడికోడలి నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు అది.

డాక్టరుగారు కుర్చీలాక్కుని కూర్చున్నారు. ఇప్పుడు ఆయనకి తొందర లేదు. కేసు కాగితాలు చూస్తూ మెల్లిగా అడగడం మొదలుపెట్టారు. "మీరు టీచరుగా పనిచేశారా?" లేవలేదు. "ఆస్పత్రిలోనా?" లేవలేదు. "అచ్చాఫీసులోనా?" లేచింది. "నిజమే, ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది, ముప్ఫై ఏళ్లు" అంది తోడికోడలు ఏడుస్తూనే. ఆయన వేళ్లు పెట్టి ఆ చేతి కింద తడిమి చూసి, "నీళ్లు బరువు మోస్తున్నాయి" అన్నారు, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "కండలో ఉన్న కాస్త బలం గాల్లో చాలడం లేదు. మేం పరీక్ష చేసి మూడు నెలలైంది. అప్పటికి ఇది కూడా లేదు. తరవాత మళ్లీ ఎవరం చూడలేదు."

నిదానం ఆహారం చీటీ ఒకటి వెనక్కి తిప్పి, దానిమీద అక్షరాలు వరసలుగా రాసింది. అచ్చులు ఒక వరస. క వరస, చ వరస, ట వరస, అలా కిందిదాకా. "పెద్దమ్మా, మీరేదైనా చెప్పాలంటే ముందు వరస చెప్తాను, తరవాత అక్షరం. మీక్కావలసింది వచ్చినప్పుడు ఎత్తండి. తొందరేం లేదు." తర్వాత ఒక్కో వరస చదివింది. అచ్చులు కాదు. క కాదు, చ కాదు, ట కాదు. త దగ్గర వేలు లేచింది.

"త?" ఊరుకుంది. "థ?"

లేచింది.

"థ. తరవాత?" మళ్లీ మొదట్నుంచి చదివింది. ఏ వరసకీ లేవలేదు. ఇంకోసారి అడిగింది. మళ్లీ థ. అంతే, ఆ ఒక్కటే. మూడోసారీ థ.

"థ తో ఏముంటాయి మాటలు?" అన్నారు డాక్టరుగారు అయోమయంగా. పెద్దక్క భుజాలు కొంచెం దిగాయి. ఇంతే, ఇలాగే అవుతుంది చివరికి, అన్నట్టు.

తోడికోడలు మాత్రం అక్క మొహంలోకే చూస్తోంది. ఆ చూపు వెంట మెల్లిగా తల తిప్పింది. ఎదుటిగోడ. కార్డు. పెదాలు కదుపుతూ చదువుకుంది. ఒక్కసారిగా రెండుచేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అయ్యో నా తల్లీ! తప్పు దిద్దుతోంది!"

కార్డుకేసి చెయ్యి చూపించింది.

"చూడండి ఏం రాశారో! 'మాటలు అర్ధం కావు'ట! ధ వత్తు పెట్టారు. థ వత్తు పెట్టాలి. అర్ధం అంటే సగమండీ, సగం! సరుకుల చీటీలో దీర్ఘం తప్పితే కొట్టుకి పంపనిచ్చేది కాదు ఈవిడ. పెళ్లి శుభలేఖలు వస్తే పెళ్లికొడుకు ఎవరో చూసేది కాదు, ముందు ఎర్రసిరా తీసేది. అలాంటి మనిషి కళ్లెదురుగా నాలుగు నెలలు ఆ తప్పు పెట్టి పడుకోబెట్టారా? నరకంలో కూడా ఇలాంటి శిక్ష ఉండదు కదయ్యా!"

తిడుతోందో నవ్వుతోందో ఆవిడకే తెలియడం లేదు. మంచంమీదికి వంగి అక్క నుదుటికి తన నుదురు ఆనించింది. "చూపు నిలవదన్నారు. చదువుకుంటూ పడుకున్నావా అక్కా? ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నావా? నేను వారానికోసారి వస్తున్నానని నీకు తెలుస్తూనే ఉందా?"

నీళ్లలో వేలు లేచింది. లేచి, వెంటనే దిగకుండా, కాసేపు అలాగే నిలబడింది.

డాక్టరుగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "ఫిజియోని పిలవండి. టీచరమ్మని కూడా" అన్నారు, ఎవరితో అని కాకుండా.

*

పెద్దక్క గోడ దగ్గరికి నడిచింది. కార్డు పీకింది. అది ఆవిడ చేతిరాతే. దాన్ని పట్టుకునే వార్డులోంచి బయటికి వెళ్లిపోయింది.

తనకిక మూడిందనుకుంది నిదానం. ఎలాగూ ఆ మాట చెప్పించుకోవాలి కదా అని వెనకాలే వెళ్లింది. వరండాలో పెద్దక్క డ్యూటీ పట్టిక ముందు నిలబడి ఉంది. కిందనెక్కడో పెన్సిలుతో రాసి ఉన్న నిదానం పేరుని రబ్బరుతో చెరిపింది. నిదానం తల దించుకుంది. పెద్దక్క జేబులోంచి పెన్ను తీసి, అదే పేరు పైన, నర్సుల వరసలో, సిరాతో రాసింది.

"రేపట్నుంచి ఆరున్నరకల్లా ఉండాలి. ఆరువారాలు. ఉత్తరం నేనే రాస్తాను." ఇటు తిరగలేదు ఆవిడ. "తప్పుల్లేకుండా చూసి పెట్టమని ఏడోబెడ్డుని అడుగుదాం."

"పెద్దక్కా..."

"ఆ తొట్టి కడుక్కుని, మంచినీళ్లు పట్టుకుని రా. గోరువెచ్చగా ఉండాలి."

"ఎక్కడికి పెద్దక్కా?"

"వెనక బిల్డింగులో ఇరవైముగ్గురున్నారు."

ఇద్దరూ మెట్లు దిగారు. పెరట్లో మిట్టమధ్యాహ్నపు ఎండ తెల్లగా, చప్పుడు లేకుండా పడి ఉంది. ఆరేసిన దుప్పట్ల మధ్యనుంచి నడిచారు. అటూ ఇటూ తెల్లటి గోడలు, పైన ఆకాశం. దుప్పట్లు గాలికి లేచి చెంపలకి తగులుతుంటే నిదానానికి తను నడుస్తోందో తేలుతోందో తెలియలేదు. చేతుల్లో తొట్టి బరువు ఒక్కటే నిజం. పెద్దక్క ముందు నడుస్తోంది. ఎప్పుడూ పరుగుతో సమానంగా ఉండే ఆ నడక ఇవాళ అడుగడుక్కీ నెమ్మదిస్తోంది.

వెనక బిల్డింగు మొదటి గది తలుపు తోసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల కిటికీ పక్క మంచంమీద, దుప్పటి కింద పిట్టంత మనిషి. తెల్లటి జుట్టు, శుభ్రంగా అల్లిన జడ. గోళ్లు పొట్టిగా, నున్నగా తీసి ఉన్నాయి. ఎవరో రోజూ శ్రద్ధగా చూసుకుంటున్నారని ఒక్కచూపులో తెలిసిపోతుంది.

"మా అమ్మ," అంది పెద్దక్క. "ఇక్కడికొచ్చి రెండేళ్లు. అమ్మ కార్డు కూడా నేనే రాశాను. రోజూ డ్యూటీ ఎక్కేముందు నేనే వచ్చి ఒళ్లు తుడుస్తాను. ఎవరినీ ముట్టుకోనివ్వను." తన చేతులకేసి చూసుకుంది. "పది నిమిషాల్లో అయిపోతుంది నాకు. చేతివేగం కదా. ఒక్కమాట మాట్లాడను. మాట్లాడితే ఏడుపొస్తుందని."

నిదానం గుమ్మం దాటి మంచం దగ్గరికి వెళ్లింది.

"నువ్వే అడుగు" అంది పెద్దక్క. "నా గొంతు వినపడితే... ఇన్నాళ్లూ ఎందుకు పలకరించలేదే అని అనుకుంటుందేమో. నువ్వే అడుగు."

ఆవిడ అటు తిరిగి, పెరట్లోకి చూస్తూ, గుమ్మం చెక్కని రెండుచేతులా పట్టుకుని నిలబడింది. నిదానం రబ్బరుషీటు పరిచింది. తొట్టి పెట్టింది. ఎండుపుల్లలాంటి ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని నీళ్లలోకి దించింది. కుర్చీలో కూర్చుంది.

"అమ్మమ్మా," అంది. "మీ అమ్మాయి ఇక్కడే ఉంది. గుమ్మంలో. వినపడుతోందా?"

కిటికీలోంచి ఎండ వచ్చి తొట్టిలో పడింది. ఎక్కడా చప్పుడు లేదు.

"ఏమైనా ఉందా?" అంది పెద్దక్క, వెనక్కి తిరక్కుండానే. రెండేళ్లు పట్టి ఉంటుంది ఆ మాట గొంతు దాటడానికి.

నిదానం వంగి, ఊపిరి కూడా తగలకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చూస్తోంది. నీళ్లు ఇంకా సర్దుకోలేదు.